వెంట్రుకవాసిలో బంగారం: ఒలింపిక్స్‌లో పోలెండ్ వింతలు, విశేషాలు

మన రెండు తెలుగు రాష్ట్రాలనూ కలిపి కొలిస్తే పోలెండ్ అంతకంటే కాస్త పెద్దది. జనాభా మాత్రం నాలుగు కోట్లు నిండదు. 1924లో తొలిసారి ఒలింపిక్స్ బరిలోకి దిగిన ఈ దేశం గెలిచిన బంగారాలను కొలవాలంటే టేపు చాలదు, స్కూలు పిల్లల స్కేలు కావాలి. ఒక సెంటీమీటరు. పాయింటులో పదో వంతు. సెకనులో వెయ్యో వంతులు మూడు. అంతంత తేడాలతోనే స్వర్ణాలు వచ్చాయి. మరోపక్క 75 టన్నుల బంగారాన్ని దేశం దాటించిన విజేత కూడా ఇక్కడే ఉంది. ఒక్కొక్కరినీ చూద్దాం.

తొట్టతొలి రోజు

1924 జులై 27, పారిస్. ఒక్క పతకమూ ఎరుగని పోలెండ్‌కు ఒకే రోజు రెండు! సైక్లింగ్ టీమ్ పర్సూట్‌లో రజతం, గుర్రపు స్వారీ జంపింగ్‌లో కాంస్యం. కాంస్యం తెచ్చిన రౌతు ఆదమ్ క్రులికేవిచ్, మోసిన గుర్రం పికడోర్. ఒకటి రెండు చక్రాల మీద వస్తే, రెండోది నాలుగు కాళ్ల మీద వచ్చింది.

తొలి స్వర్ణం

హలీనా కొనొపాత్స్కా. 1928 ఆమ్‌స్టర్‌డామ్. ఒలింపిక్స్‌లో మహిళలకు అథ్లెటిక్స్ పోటీలు పెట్టిందే ఆ ఏడాది. తలమీద ఎర్ర టోపీ, చేతిలో కిలో డిస్కస్. బెల్లం అచ్చు అంత బరువున్న ఆ పళ్లాన్ని 39.62 మీటర్లు విసిరింది. రెండు క్రికెట్ పిచ్‌లు వరుసగా పరిస్తే చివర మిగిలేది జానెడు, మూరెడు మాత్రమే. అది ప్రపంచ రికార్డు. పోలెండ్ చరిత్రలో మొదటి ఒలింపిక్ స్వర్ణం ఓ మహిళది.

అతి బరువైన బంగారం

కొనొపాత్స్కా మోసిన బంగారం మెడలో వేసుకున్నది ఒక్కటే కాదు. 1939 సెప్టెంబరులో జర్మనీ సేనలు పోలెండ్ మీద పడ్డప్పుడు బ్యాంక్ ఆఫ్ పోలెండ్ బంగారాన్ని సరిహద్దు దాటించే పని ఆమె భర్త, మాజీ ఆర్థిక మంత్రి ఇగ్నాత్సీ మతుషెవ్‌స్కీ మీద పడింది. 75 టన్నులు! ఆ బళ్ల వరసలో ఆమె కూడా స్టీరింగ్ పట్టింది. రుమేనియా, టర్కీల మీదుగా సాగిన ఆ సొత్తు చివరికి ఫ్రాన్స్ చేరింది. ఒలింపిక్స్ చరిత్రలో ఇంత బంగారం వెంట నడిచిన విజేత వేరొకరు దొరకడం కష్టం.

కవిత్వానికి ఒకటి, సంగీతానికి ఒకటి

ఒకప్పుడు ఒలింపిక్స్‌లో కళలకూ పతకాలిచ్చేవారు. 1928లోనే కవిత్వంలో స్వర్ణం పోలెండ్ కవి కజీమియెష్ వియెజిన్‌స్కీది. ఆయన ఓ క్రీడా పత్రిక సంపాదకుడు కూడా. డిస్కస్ విసిరిన కొనొపాత్స్కాకు సైతం కవితా సంపుటి ఉంది. అంటే ఆ ఏడాది పోలెండ్‌కు వచ్చిన రెండు స్వర్ణాలూ కవుల ఇంటికే! 1948 లండన్ ఇంకా విడ్డూరం. మైదానంలో మొత్తం దేశానికి దక్కింది బాక్సింగ్‌లో ఒకే ఒక్క కాంస్యం. స్వర్ణం మాత్రం స్వరకర్త జ్బిగ్నెవ్ తుర్‌స్కీ రాసిన సింఫనీకి వచ్చింది.

కంచుకోట కూల్చిన పరుగు

10,000 మీటర్ల పరుగంటే ఫిన్లాండ్ సొంత ఆస్తి. 1912, 1920, 1924, 1928... వరుసగా నాలుగు ఒలింపిక్స్‌లో బంగారం వాళ్లదే. 1932లో లాస్ ఏంజెలిస్‌లో ఆ వరసను తెంపినవాడు యానుష్ కుసొచిన్‌స్కీ. సమయం 30 నిమిషాల 11.4 సెకన్లు, ఒలింపిక్ రికార్డు. ఎనిమిదేళ్లకు, 1940 జూన్‌లో, వార్సా దగ్గరి పాల్‌మీరీ అడవిలో నాజీలు ఆయన్ని కాల్చి చంపారు. 1954 నుంచి పోలెండ్‌లో ఆయన పేరు మీద అథ్లెటిక్స్ పోటీలు జరుగుతున్నాయి.

చిన్న సంఖ్య, పెద్ద విషాదం

349. ఇది రికార్డు కాదు, ఆష్‌విట్జ్ మృత్యు శిబిరంలో బ్రొనిస్వావ్ చెహ్‌కు ఇచ్చిన ఖైదీ నంబరు. 1928, 1932, 1936... మూడు శీతాకాల ఒలింపిక్స్‌లో మంచు మీద జారిన మనిషి. శిబిరానికి తెచ్చిన తొలి బృందంలో ఒకడు. 1944 జూన్‌లో అక్కడే కన్నుమూశాడు.

ముళ్లకంచెలో ఒలింపిక్స్

1944లో లండన్‌లో జరగాల్సిన ఒలింపిక్స్ యుద్ధం వల్ల రద్దయ్యాయి. అయినా ఒకచోట జరిగాయి! జర్మన్ల ఆధీనంలోని వోల్డెన్‌బర్గ్ శిబిరంలో బందీలుగా ఉన్న పోలెండ్ సైనికాధికారులు కంచె లోపలే పోటీలు పెట్టుకున్నారు. ఐదు వలయాల జెండా కావాలి కదా? దుప్పటి మీద రంగు రంగుల మఫ్లర్ ముక్కలు కుట్టారు. జెండాల్లోకెల్లా పేద జెండా అదే, పొగరైన జెండా కూడా అదే.

మూడు నులక మంచాల దూకుడు

1956 మెల్‌బోర్న్. పోలెండ్‌కు తొమ్మిది పతకాలు, స్వర్ణం ఒక్కటి. ఆ ఒక్కటీ ఎల్జ్‌బియెతా క్షెషిన్‌స్కాది. లాంగ్‌జంప్‌లో 6.35 మీటర్లు దూకి తన ప్రపంచ రికార్డును తానే సమం చేసింది. వాకిట్లో మూడు నులక మంచాలను వరుసగా వేస్తే వాటినన్నిటినీ ఒక్క దూకులో దాటి, ఇంకా అర మీటరు అవతల కాలు మోపడమన్నమాట.

పదిహేడు దాటిన మొదటి మనిషి

ట్రిపుల్ జంప్‌లో 17 మీటర్లు మనిషికి సాధ్యం కాదనుకునే రోజుల్లో, 1960 ఆగస్టు 5న, పోలెండ్‌లోని ఒల్‌ష్టిన్‌లో యూజెఫ్ ష్మిత్ 17.03 మీటర్లు దూకాడు. కబడ్డీ కోర్టు పొడవు 13 మీటర్లు. దాన్ని మూడంగల్లో దాటి, అవతల ఇంకో నాలుగు మీటర్లు! అదే ఏడాది రోమ్‌లో స్వర్ణం, నాలుగేళ్లకు టోక్యోలో మళ్లీ స్వర్ణం. జనం పెట్టిన ముద్దుపేరు ‘సైలీషియా కంగారూ’.

అతి ప్రసిద్ధమైన ఓటమి

ఓడిపోయి చరిత్రకెక్కిన వీరుడు జ్బిగ్నెవ్ పియెట్షికోవ్‌స్కీ. 1956లో కాంస్యం, 1964లో కాంస్యం. నడుమ 1960 రోమ్‌లో లైట్ హెవీవెయిట్ ఫైనల్‌కు చేరాడు. ఎదురుగా పద్ధెనిమిదేళ్ల అమెరికా కుర్రాడు. మూడు రౌండ్లూ దెబ్బలు తిన్నాడు, నిలబడ్డాడు, పాయింట్లలో ఓడాడు. ఆ కుర్రాడి పేరు క్యాషియస్ క్లే. లోకం తర్వాత అతన్ని మహమ్మద్ అలీ అని పిలిచింది.

పతకాల మహారాణి

ఇరేనా షెవిన్‌స్కా. ఏడు పతకాలు: మూడు స్వర్ణాలు, రెండు రజతాలు, రెండు కాంస్యాలు. అవీ ఒకే పోటీలో కావు. 100, 200, 400 మీటర్లు, లాంగ్‌జంప్, 4×100 రిలే... ఐదు రకాలు! 1964లో పద్ధెనిమిదేళ్ల పిల్లగా మొదలుపెట్టి 1980 దాకా ఐదు ఒలింపిక్స్‌లో పరుగెత్తింది. 100, 200, 400 మూడింటిలోనూ ప్రపంచ రికార్డు పట్టిన అథ్లెట్ మగవాళ్లలో లేడు, ఆడవాళ్లలో ఈమె తప్ప లేదు. 1974లో 400 మీటర్లను 50 సెకన్లలోపు ముగించిన తొలి మహిళ కూడా ఆమే. రెండేళ్లకు మాంట్రియల్‌లో, ముప్పై ఏళ్ల వయసులో, ఓ కొడుకు తల్లిగా, 49.3 సెకన్లలోపే చుట్టు చుట్టి మళ్లీ ప్రపంచ రికార్డు కొట్టింది. వెనకున్న అమ్మాయి సెకనుకు పైగా దూరంలో ఉండిపోయింది.

ఒక్క సెంటీమీటరు స్వర్ణం

1972 మ్యూనిక్. షాట్‌పుట్‌లో వ్వాదిస్వావ్ కొమార్ 21.18 మీటర్లు. అమెరికా వాడు జార్జ్ వుడ్స్ 21.17. గుండు బరువు ఏడుంపావు కిలోలు, అది పడ్డ దూరం క్రికెట్ పిచ్ కన్నా ఎక్కువ, గెలుపు తేడా మాత్రం చిటికెన వేలి మందం! నలభై ఏళ్ల తర్వాత, 2012 లండన్‌లో, తొమాష్ మయెవ్‌స్కీ అదే గుండుతో వరసగా రెండో స్వర్ణం గెలిచాడు. ఎత్తు రెండు మీటర్ల నాలుగు సెంటీమీటర్లున్న ఆ మనిషి తెచ్చిన ఆధిక్యం మూడు సెంటీమీటర్లు.

పాయింటులో పదో వంతు

అదే 1972, ఫిబ్రవరి, జపాన్‌లోని సప్పోరో. పెద్ద కొండ స్కీ జంపింగ్. వొయ్‌చెహ్ ఫొర్తూనా, వయసు 19. తొలి దూకు 111 మీటర్లు. ఫుట్‌బాల్ మైదానంలో ఈ గోల్ నుంచి ఆ గోల్ దాకా కాలు నేలకు ఆనకుండా గాల్లోనే వెళ్లినట్టు! రెండో దూకు 87.5 మీటర్లకే ఆగింది. గుండెలు చిక్కబట్టుకుని లెక్క చూస్తే ఫొర్తూనాకు 219.9, స్విట్జర్లాండ్ వాల్టర్ స్టైనర్‌కు 219.8. శీతాకాల ఒలింపిక్స్‌లో పోలెండ్ తొలి స్వర్ణం అలా చేతికొచ్చింది.

పొడవైన ఎదురుచూపు

ఆ తర్వాత శీతాకాల స్వర్ణం కోసం పోలెండ్ కాచుకున్నది 38 ఏళ్లు. 2010లో వాంకూవర్‌లో తెచ్చింది యుస్తినా కొవాల్చిక్. మంచు మీద స్కీలతో 30 కిలోమీటర్లు, గంటన్నర పరుగు, చివరికి నార్వే అమ్మాయి మారిట్ బ్యోర్గెన్ కన్నా 0.3 సెకన్లు ముందు. 30 కిలోమీటర్లు కలిసి పరుగెత్తాక మిగిలిన తేడా ఒక మనిషి పొడవంత. నాలుగేళ్లకు సోచీలో కథ తిరగబడింది. పోటీలకు కొద్ది రోజుల ముందు పాదంలో ఎముక విరిగింది. ఆ కాలితోనే 10 కిలోమీటర్లు పరుగెత్తి 18 సెకన్లకు పైగా తేడాతో గెలిచింది. రెండు కాళ్లూ బాగున్నప్పుడు 0.3, ఒక కాలు విరిగినప్పుడు 18!

అతి సన్నని స్వర్ణం

2014 సోచీ, స్పీడ్ స్కేటింగ్ 1500 మీటర్లు. తెర మీద జ్బిగ్నెవ్ బ్రూద్కాకూ, నెదర్లాండ్స్ కోయెన్ వెర్‌వైకూ ఒకే అంకె: 1 నిమిషం 45.00 సెకన్లు. గడియారాన్ని ఇంకా లోతుగా చూశారు. బ్రూద్కా 45.006, వెర్‌వై 45.009. సెకనులో వెయ్యో వంతులు మూడు! రెప్పపాటును సెకనులో పదో వంతు అనుకున్నా, అందులో ముప్పైమూడో భాగం. ఇద్దరూ పక్కపక్కన జారి ఉంటే గీత దగ్గర వాళ్ల మధ్య దూరం నాలుగు సెంటీమీటర్ల పైచిలుకు, అగ్గిపెట్టెను అడ్డంగా పెడితే సరిపోయేంత. ఇంతకీ బ్రూద్కా అసలు ఉద్యోగం? మంటలార్పే ఫైర్‌మన్.

గుంపుగా గెలిచిన బంగారం

1972 మ్యూనిక్‌లో ఫుట్‌బాల్ స్వర్ణం. ఫైనల్లో హంగరీ మీద 2–1, రెండు గోల్సూ కజీమియెష్ దేయ్నావే. టోర్నీ మొత్తం మీద ఆయనవి తొమ్మిది, అందరికన్నా ఎక్కువ. 1976 మాంట్రియల్‌లో పురుషుల వాలీబాల్ స్వర్ణం. ఫైనల్లో సోవియట్ యూనియన్ మీద 3–2. శిక్షకుడు హుబెర్ట్ వాగ్నర్‌కు ఆటగాళ్లు పెట్టిన పేరు ‘తలారి’. కసరత్తు అంత కఠినం! ఆ వాలీబాల్ జట్టుకు మళ్లీ ఒలింపిక్ పతకం రావడానికి 48 ఏళ్లు పట్టింది. 2024 పారిస్‌లో రజతం.

అతి పెద్ద పంట, అతి తక్కువ గింజలు

1980 మాస్కో: 32 పతకాలు. ఏ ఒలింపిక్స్‌లోనూ పోలెండ్‌కు అన్ని రాలేదు. అందులో స్వర్ణాలు? మూడే. రజతాలు 14, కాంస్యాలు 15. 1996 అట్లాంటాకు వస్తే పతకాలు 17కు పడిపోయాయి, స్వర్ణాలు ఏడుకు లేచాయి. బుట్ట సగానికి తగ్గి బంగారం రెట్టింపు దాటింది. ఏడు స్వర్ణాల లెక్క 1964, 1972, 1976ల్లోనూ వచ్చింది. అంతకు మించి ఎప్పుడూ పోలేదు.

లోకమంతా చూసిన మోచెయ్యి

ఆ మాస్కోలోనే, జులై 30న. పోల్‌వాల్ట్ ఫైనల్. సోవియట్ ఆటగాడు గెలవాలని కూర్చున్న జనం వ్వాదిస్వావ్ కొజకేవిచ్ కర్ర పట్టుకోగానే ఈలలు, కేకలు. ఆయన పరుగెత్తాడు, ఎగిరాడు, దాటాడు. లేచి నిలబడి జనం వైపు తిరిగి, కుడి మోచేతిని మడిచి, ఎడమ చేతితో దాన్ని కొట్టి చూపించాడు. బూతు మాట నోట రాలేదు గానీ అర్థం కాని వాడు లేడు. ఆ పైన 5.78 మీటర్లకు ఎగిరి ప్రపంచ రికార్డు కొట్టాడు. డాబా మీద ఇంకో డాబా కట్టినంత ఎత్తు. పతకం వెనక్కి తీసుకోవాలని సోవియట్ రాయబారి పట్టుబట్టాడు. కండరం పట్టేసి చెయ్యి అలా మడతపడిందని పోలెండ్ వాళ్లు సంజాయిషీ ఇచ్చారు. పతకం పోలేదు. పోలిష్ భాషలో ఆ చేష్టకు నేటికీ ‘కొజకేవిచ్ సైగ’ అనే పేరు.

నడకలో నాలుగు

రాబర్ట్ కోజెన్యోవ్‌స్కీ పరుగెత్తలేదు, ఎగరలేదు, విసరలేదు. నడిచాడు. నాలుగు స్వర్ణాలు! 1996లో 50 కిలోమీటర్లు, 2000లో 20, 50 రెండూ, 2004లో మళ్లీ 50. ఒకే ఒలింపిక్స్‌లో 20, 50 కిలోమీటర్ల నడకలు రెండూ గెలిచిన మొదటి మనిషి. ఏథెన్స్‌లో 50 కిలోమీటర్లకు పట్టిన సమయం 3 గంటల 38 నిమిషాల 46 సెకన్లు. హైదరాబాద్ నడిబొడ్డున బయల్దేరి భువనగిరి దాకా, గంటకు 13.7 కిలోమీటర్ల చొప్పున, సైకిల్ మీది మనిషికి దీటుగా, పరుగన్నది లేకుండా!

నడక దెబ్బ, నడక వరం

నడక పోటీలో రెండు పాదాలూ ఒకేసారి గాలిలో కనిపిస్తే తప్పు. అప్పట్లో హెచ్చరికలు మూడైతే ఇంటికే. 1992 బార్సిలోనాలో కోజెన్యోవ్‌స్కీ రెండో స్థానంలో స్టేడియం గుమ్మం దాకా వచ్చాక ఎర్ర కార్డు చూపి పంపేశారు. దాదాపు 50 కిలోమీటర్ల కష్టం నేలపాలు. ఎనిమిదేళ్లకు చక్రం తిరిగింది. సిడ్నీ 20 కిలోమీటర్లలో ముందు గీత దాటింది మెక్సికో నడకగాడు బెర్నార్దో సెగూరా. స్వదేశం నుంచి అధ్యక్షుడు ఫోన్‌లో అభినందిస్తున్నాడు. సెగూరా చెవి దగ్గర ఫోన్ ఉండగానే అధికారి వచ్చి ఎర్ర కార్డు చూపాడు. స్వర్ణం రెండో స్థానంలో ఉన్న కోజెన్యోవ్‌స్కీకి దక్కింది.

ఆఖరి 50

50 కిలోమీటర్ల నడకను 2021 టోక్యో తర్వాత ఒలింపిక్స్ నుంచి తీసేశారు. అక్కడ చివరిసారి గెలిచిందెవరు? మళ్లీ పోలెండే. దావిద్ తొమావా, 3 గంటల 50 నిమిషాల 8 సెకన్లు. ఈ స్వర్ణానికి ఇక వారసుడు లేడు.

అన్నిటికన్నా ముందు మోగిన గీతం

1996 అట్లాంటా ఒలింపిక్స్‌లో మొట్టమొదటి స్వర్ణం ఏ దేశానిది? అమెరికాది కాదు, చైనాది కాదు. 10 మీటర్ల ఎయిర్ రైఫిల్‌లో రెనాతా మావెర్‌ది. జర్మనీ షూటర్ మీద తేడా 0.2 పాయింటు. నాలుగేళ్లకు సిడ్నీలో 50 మీటర్ల రైఫిల్‌లో ఇంకోటి కొట్టింది.

అతి పిన్న విజేత

కమీలా స్కొలిమోవ్‌స్కా. సిడ్నీ 2000, సెప్టెంబరు 29. వయసు 17. మహిళల హ్యామర్ త్రోను ఒలింపిక్స్‌లో పెట్టిందే ఆ ఏడాది. 71.16 మీటర్లు విసిరి తొలి బంగారం ఎగరేసుకుపోయింది. పోలెండ్ స్వర్ణ విజేతల్లో అందరికన్నా చిన్నది. మహిళల వెయిట్‌లిఫ్టింగ్ అరంగేట్రం కూడా సిడ్నీలోనే. సరిగ్గా పది రోజుల ముందు, సెప్టెంబరు 19న, మన శ్రీకాకుళం బిడ్డ కరణం మల్లీశ్వరి 240 కిలోలెత్తి కాంస్యం గెలిచింది. ఒలింపిక్ పతకం పట్టిన మొదటి భారతీయ మహిళ. ఒకే ఊళ్లో, పది రోజుల తేడాలో, రెండు కొత్త తలుపులు! కమీలా 2009లో, పోర్చుగల్ శిక్షణ శిబిరంలో, 26 ఏళ్లకే చనిపోయింది.

మూడు స్వర్ణాల సుత్తి

కమీలా చేతి తొడుగును తన చేతికి వేసుకుని విసిరింది అనీతా వొదార్చిక్. 2012, 2016, టోక్యో. అథ్లెటిక్స్‌లో ఒకే వ్యక్తిగత పోటీని మూడు వరుస ఒలింపిక్స్‌లో గెలిచిన తొలి మహిళ. 2012 స్వర్ణం ఆలస్యంగా వచ్చింది, ముందున్న రష్యా క్రీడాకారిణి డోపింగ్‌లో దొరికాక. 80 మీటర్లు దాటిన మొదటి మహిళ కూడా అనీతాయే, 2015లో 81.08తో. రియోలో 82.29. పదమూడు రోజులకే వార్సాలో, కమీలా స్మారక పోటీల్లో, 82.98! నాలుగు కిలోల గుండు నాలుగు క్రికెట్ పిచ్‌లు దాటి ఇంకో రెండున్నర మీటర్లు పోయింది.

అదృష్టం కలిసిరాని భీముడు

పావెవ్ ఫయ్‌దెక్. హ్యామర్ త్రోలో ప్రపంచ ఛాంపియన్‌షిప్ స్వర్ణాలు ఐదు. ఒలింపిక్ స్వర్ణాలు సున్నా. 2012 లండన్‌లో మూడు విసుర్లూ ఫౌల్. 2016 రియోలో 72 మీటర్లకే ఆగి ఫైనల్‌కే పోలేదు. టోక్యోలో ఎట్టకేలకు కాంస్యం. ఆ రోజు స్వర్ణం? 82.52 మీటర్లతో సాటి పోలెండ్ వాడు వొయ్‌చెహ్ నొవిత్స్కీది.

నాలుగు పతకాలు, మూడు స్వర్ణాలు

స్కీ జంపింగ్‌లో ఆదమ్ మావిష్ పతకాలు నాలుగు. రజతాలు మూడు, కాంస్యం ఒకటి, స్వర్ణం లేదు. ఆయన తర్వాత వచ్చిన కమిల్ స్తొహ్ పతకాలూ నాలుగే. వాటిలో స్వర్ణాలు మూడు! 2014లో రెండు, 2018లో ఒకటి. 2014 పెద్ద కొండ మీద తేడా 1.3 పాయింట్లు, వెనక ఉన్నవాడు జపాన్ దిగ్గజం నొరియాకి కసాయ్, వయసు 41.

ఇద్దరు మగ, ఇద్దరు ఆడ

టోక్యోలో మిక్స్‌డ్ 4×400 రిలే తొలిసారి. కరోల్ జలెవ్‌స్కీ, నతాలియా కచ్‌మారెక్, యుస్తినా ష్వెంతి, కయెతాన్ దుషిన్‌స్కీ నలుగురూ కర్ర మార్చుకుంటూ 3 నిమిషాల 9.87 సెకన్లలో ముగించారు. ఈ పోటీలో తొలి ఒలింపిక్ విజేతలు వీళ్లే.

రెండు ఒలింపిక్స్‌ల రాణి

నతాలియా పార్తికాకు పుట్టుకతోనే కుడి ముంజేయి లేదు. 2000 సిడ్నీ పారాలింపిక్స్‌లో టేబుల్ టెన్నిస్ బల్ల ముందు నిలబడేటప్పటికి వయసు 11. 2004 నుంచి 2016 దాకా పారాలింపిక్స్ సింగిల్స్‌లో వరుసగా నాలుగు స్వర్ణాలు. అక్కడితో ఆగలేదు. 2008, 2012, 2016, టోక్యో... నాలుగుసార్లు అటు ఒలింపిక్స్, ఇటు పారాలింపిక్స్ రెండింటిలోనూ ఆడింది. సర్వీస్ చేసేటప్పుడు బంతిని మోచేతి మడతలో పెట్టి పైకి ఎగరేస్తుంది. బ్యాటు ఎడమ చేతిది.

అతి వేగంగా గోడెక్కిన మహిళ

పదిహేను మీటర్ల గోడ, ఒక మోస్తరు తాటిచెట్టంత ఎత్తు. మన గీత కార్మికుడు మోకు వేసుకుని, నడుం బిగించి, ఒక్కో పట్టు చూసుకుంటూ ఎక్కే ఎత్తు. 2024 ఆగస్టు 5న పారిస్‌లో లూబ్లిన్ అమ్మాయి అలెక్సాండ్రా మిరోస్వావ్ దాన్ని 6.06 సెకన్లలో ఎక్కేసింది. ప్రపంచ రికార్డు! ఆ గోడ నిట్టనిలువు కూడా కాదు, ఎక్కేవాళ్ల మీదికి ఐదు డిగ్రీలు వాలి ఉంటుంది. రెండు రోజులకు ఫైనల్లో 6.10. చైనా అమ్మాయి 6.18. టోక్యోలో మూడు రకాల ఎక్కుళ్లు కలిపి పెట్టినప్పుడు మిరోస్వావ్ 6.84తో రికార్డు కొట్టి కూడా నాలుగో స్థానంలో ఆగిపోయింది. వేగానికి వేరే పోటీ పెట్టగానే తొలి బంగారం ఆమెది, పారిస్‌లో పోలెండ్ మొత్తానికి ఉన్న ఒకే ఒక్క బంగారం కూడా అదే.

పారిస్ ‘మొదటి’లు

అదే పారిస్‌లో ఇగా స్వియాటెక్‌కు కాంస్యం. పోలెండ్ టెన్నిస్‌కు తొలి ఒలింపిక్ పతకం. ఇరవయ్యేళ్ల యూలియా షెరెమెతాకు బాక్సింగ్ రజతం. పోలెండ్ బాక్సింగ్‌లో పతకం చూసి అప్పటికి 32 ఏళ్లు.

వరుసగా రెండు

ఒకసారి గెలిస్తే అదృష్టం, రెండోసారీ గెలిస్తే అలవాటు. వెయిట్‌లిఫ్టర్ వల్దెమార్ బషనోవ్‌స్కీ, బాక్సర్ యెజీ కులేయ్: ఇద్దరూ 1964, 1968. పిస్టల్ షూటర్ యూజెఫ్ జపెంద్జ్‌కీ: 1968, 1972. జూడోలో వల్దెమార్ లెగెన్: 1988, 1992. పడవ పోటీలో తొమాష్ కుహార్‌స్కీ, రాబర్ట్ సిచ్ జంట: 2000, 2004.

అమ్మకానికి పెట్టిన పతకాలు

ఒతీలియా యెంజెయ్‌చాక్ పోలెండ్ తొలి ఒలింపిక్ ఈత స్వర్ణ విజేత. 2004లో 200 మీటర్ల బటర్‌ఫ్లైలో గెలిచిన ఆ స్వర్ణాన్ని, ముందే ఇచ్చిన మాట ప్రకారం, క్యాన్సర్ పిల్లల కోసం వేలం వేసింది. 2016లో డిస్కస్ వీరుడు పియోతర్ మవహోవ్‌స్కీ రియో రజతాన్ని కంటి క్యాన్సర్ ఉన్న ఓ మూడేళ్ల బాబు వైద్యానికి అమ్మేశాడు.

ఇక మరియా ఆంద్రెయ్‌చిక్. 2016 రియో, జావెలిన్. కాంస్యం 64.80 మీటర్లు, ఆమె 64.78. రెండు సెంటీమీటర్లతో పతకం పోయింది. తర్వాత ఎముక క్యాన్సర్ సోకింది. దాన్నీ గెలిచి టోక్యోలో 64.61తో రజతం పట్టింది. ఐదేళ్లు కాచుకుని, చావును తప్పించుకుని తెచ్చుకున్న ఆ పతకం ఆమె దగ్గర నిండా నెల కూడా నిలవలేదు. గుండె ఆపరేషన్ కావాల్సిన ఓ పసివాడి కోసం వేలానికి పెట్టింది. కొన్నది పోలెండ్‌లో వీధి వీధినా కొట్లున్న జాబ్కా సంస్థ. డబ్బు బాబు వైద్యానికి ఇచ్చి, పతకం మీ దగ్గరే ఉంచుకోండని ఆమెకే తిరిగి ఇచ్చేసింది.

టోక్యో రజత పతకం బరువు 550 గ్రాములు.